పేరు చెప్పని పిన్నమ్మ

(‘తోవ’ నవల, తొమ్మిదో భాగం)

పోయినవారం ప్రియదర్శినిని కుర్చీలోంచి సగం లేపి, అలాగే వదిలేసి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఈపాటికి ఆ పిల్ల నడుం పట్టేసి ఉంటుంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేసి, ఆమెను పూర్తిగా లేపుదాం.

వీపుకి సంచి తగిలించుకుని, తక్కువ డబ్బుతో దేశం చూడబోయే కుర్రకారుకి ఊళ్లవాళ్లే దారీ మంచీ చెడ్డా చెప్పే యాప్ ఒకటి తయారు చేస్తోంది ప్రియదర్శిని. పేరు ‘తోవ’. కొనకనమిట్ల రైతు కూతురు. బెంగుళూరు ఉద్యోగం మానేసి వచ్చి, మార్కాపురంలో మూతపడ్డ పలకల దుకాణం పైగది అద్దెకు తీసుకుంది. ఆమెకు తోడు జ్యోతి. అర్ధవీడు అవతల, కొండ కింది చెంచుగూడెం నుంచి డిగ్రీ చదువుకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన పిల్ల.

ఈ యాప్‌లో సలహా చెప్పేవాళ్ల పేర్లు కనపడవు. ముక్కూమొహం తెలియని మనిషినైనా వరస పెట్టి పిలిచే సీమ కాబట్టి, ఇక్కడ కూడా వరసలే: కంభం చిన్నాయన, త్రిపురాంతకం అవ్వ, అర్ధవీడు పెద్దయ్య. ఆ పెద్దయ్య జ్యోతి తండ్రి చిన్నమల్లయ్యే. కొండ మీది నీళ్ల గుండం ఎంత దూరమని పూణే కుర్రాడెవడో అడిగితే, ‘రెండు బీడీల దూరం’ అన్నాడు. దాన్ని కిలోమీటర్లలోకి మార్చాలని ప్రియదర్శిని, వద్దని జ్యోతి ఒక పూటంతా పోట్లాడుకున్నారు. జ్యోతే నెగ్గింది. రాయడం రానివాళ్లు మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. జ్యోతి విని, రాసి, హిందీలోకీ ఇంగ్లీషులోకీ మార్చి, ఆ గొంతును చెరిపేస్తుంది.

అంతా బాగానే నడిచింది, తూర్పువీధి పిన్నమ్మ నోరు విప్పేదాకా. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఆడపిల్లలు దిగొద్దని ఆమె చెప్పింది. అది కరుణా లాడ్జి. దాని యజమాని కరుణాకరం, ప్రియదర్శినికి సొంత మేనమామ. పోయినవారం చివర మెట్ల మీద వినిపించిన చెప్పుల చప్పుడు ఆయనదే.

ఒక్కడే రాలేదు. వెనకాల ఆయన చెల్లెలు సరస్వతమ్మ, అంటే ప్రియదర్శిని కన్నతల్లి. ఆమె వెనక, కొంగు భుజం చుట్టూ లాక్కుంటూ ఆయన భార్య సౌభాగ్యమ్మ. ప్రియదర్శిని తండ్రి చెన్నకేశవులు రాలేదు. మిరపచేనుకు మందు కొట్టే పని ఉందట. బావమరిదితో మాట పడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన చేనుకు పురుగు పట్టడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు.

ఉన్నవి రెండు కుర్చీలు. ప్రియదర్శినీ జ్యోతీ లేచి నిలబడ్డారు. కరుణాకరం ఒకటి లాక్కున్నాడు, సరస్వతమ్మ ఇంకోదాంట్లో కూలబడింది. సౌభాగ్యమ్మ గోడ వారగా పాత పలకల కట్టల మీద సర్దుకుని కూర్చుంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. అనరు కూడా. ముప్పై ఏళ్లుగా ఆమె తన చోటు తనే వెతుక్కుంటోంది.

“టీ గీ ఏం వద్దులే కోడలా,” అన్నాడు కరుణాకరం. కోపం వస్తే ఆయన గొంతు లేవదు, ఇంకా మెత్తబడుతుంది. ఆ మెత్తదనానికే అందరూ భయపడతారు. “కౌంటరు మావాడు పవన్‌కి అప్పజెప్పి వచ్చినా. తొందరగా పోవాల. ఒక మాట చెప్పు. నిన్ను బండి మీద ఎక్కించుకుని పోయి ఒంగోలు కాలేజీలో చేర్పించినోళ్లు ఎవరు?”

“నువ్వే మామా.”

“మరి బజార్లో అందరి ముందర నా మొహాన పేడనీళ్లు చల్లినోళ్లు ఎవరు?”

ప్రియదర్శిని తల్లి వైపు చూసింది.

“ఆ మాట నీ ఫోన్లో పెట్టినప్పటి నుంచి సంచులోళ్లు ఒక్కరు గడప తొక్కలేదు. శ్రీశైలం పోయేటోళ్లు, నల్లమల చూసేటోళ్లు బస్సు దిగతారు, ఫోను చూసుకుంటారు, తలెత్తి నా బోర్డు చూసి రోడ్డు దాటి పోతారు. నా వాకిట్లో నేనే నిలబడి చూస్తన్నా. నీకు బాధ లేదా?”

“ఉంది మామా.”

“ఉంటే తీసెయ్. ఇప్పుడే, నా కళ్ల ముందర. అది ఒకటి. ఆ పిన్నమ్మ ఎవరో పేరు చెప్పు. అది రెండు.”

“చెప్పకపోతే?”

“ఈ దుకాణం ఓనరు నా దోస్తు. సాయంత్రానికి మీ కంప్యూటర్లు రోడ్డు మీద ఉంటాయి. రేపు స్టేషన్లో కాగితం ఇస్తా. మేనకోడలని చూడను.”

సరస్వతమ్మ ముక్కు చీదింది. “ఏందే ఆ బిగదీసుకోవడం? నాకుండేది ఒక్కటే పుట్టిల్లు. దాన్ని కూడా నీ ఫోన్లో పెట్టి అమ్ముకుంటావా?”

“అమ్మడం లేదు పెద్దమ్మా,” అంది జ్యోతి కంప్యూటరు ముందు నుంచి. “ఊరికే ఇస్తన్నాం.”

“నువ్వు ఊరుకో పాపా,” అన్నాడు కరుణాకరం, ఆమె వైపు చూడకుండానే. “ఇది మా ఇంటి మాట. గూడెం పిల్లలకు ఇందులో ఏం పని?”

“ఆ మాట రాసింది నా చేతులే. నా పని అదే మామా.”

జ్యోతి తనను ‘మామా’ అనడం కరుణాకరానికి మింగుడు పడలేదు. కానీ ఊరంతా ఊరందరినీ పిలిచే పిలుపే అది, కాదనడానికి నోరు రాలేదు. జేబు సర్దుకుని మళ్లీ మేనకోడలి వైపు తిరిగాడు.

“చూడు కోడలా. ఎవడో పోటీ లాడ్జివాడు ఆడమనిషి చేత చెప్పించినాడు. నువ్వు నమ్మినావు. నీది చదువే కానీ లోకం తెల్దు.”

“ఆమె ఏం చెప్పిందో నువ్వు అసలు చదివినావా మామా?”

చదవలేదు. ఎవరో చెప్పగా విన్నాడు, విన్నదానికి మండిపడ్డాడు. మన పెద్దమనుషుల కోపాల్లో ముప్పాతిక ఇలా అరువు తెచ్చుకున్నవే. ప్రియదర్శిని సైగ చేసింది. జ్యోతి గొంతు సవరించుకుని, మాట మార్చకుండా చదివింది.

“‘బస్టాండు దిగి ఎడమచేతి తట్టుకి తిరిగితే, కింద చెప్పుల దుకాణం, పైన అంతస్తులు, డాబా మీద పచ్చరంగు నీళ్ల ట్యాంకు ఉండే లాడ్జి ఉంది. ఆడపిల్లలు దాంట్లో దిగొద్దండి తల్లీ. ఎండలో తిరిగి అలిసిపోయి వస్తారని తెలుసు. అయినా దిగొద్దు. వెనక వరండా పక్క గదుల్లో స్నానాల గది పైన చిన్న కిటికీ ఉంటది. దాని అద్దం పలక ఊడదీస్తే వస్తది. అవతల స్టూలు వేసుకుంటే మనిషికి లోపల కనపడతది. నేను చూసినా. ఇప్పటికే దిగి ఉంటే కిటికీకి తువ్వాలు కట్టుకోండి. లైటు తీసేసి స్నానం చేయండి. పొద్దున్నే లేచి పోండి. మీ అమ్మలాంటి దాన్ని, చెప్తన్నా.’”

కింద రోడ్డు మీద ఆటో ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. కరుణాకరం చెవులు ఎర్రబడ్డాయి.

“అబద్ధం. ఆ వరండాకు తాళం ఉంటది. బయటోడు ఎట్ల పోతాడు?”

సరస్వతమ్మకు వేరే అనుమానం వచ్చింది. ఆమె అనుమానాలు ఎప్పుడూ పక్కదారిన వచ్చి సరిగ్గా నడివీధిలో నిలబడతాయి. “అది సరే, అంతలావు బోర్డు పెట్టుకునుంటిమి కదా, నులకమంచమంత! చెప్పుల దుకాణమంట, పచ్చ ట్యాంకంట, ఈ వంకరటింకర తోవ ఏంది? కరుణా లాడ్జి అని ఒక్క మాట చెప్తే సరిపోదా? నిజం చెప్పేదైతే నోరు తిరగదా దానికి?”

నోరు తిరగదా అన్న మాట దగ్గర ప్రియదర్శిని ఆగింది.

అదే ప్రశ్న తనూ అడిగింది. హెచ్చరిక పెట్టాలంటే చోటు పేరు ఉండి తీరాలన్నది యాప్‌కి తను పెట్టిన నియమం. ‘పేరు చెప్పండి పిన్నమ్మా’ అని అడిగితే, ‘అది నా నోటితో రాదు తల్లీ, నువ్వే రాసుకో’ అని జవాబు వచ్చింది. భయం కాబోలు అనుకుంది. విసుక్కుంటూ తనే ‘కరుణా లాడ్జి’ అని కొట్టి అచ్చేసింది. భయమైతే ‘నోటితో రాదు’ అని ఎందుకంటుంది? ‘చెప్పను’ అంటుంది కదా.

లాడ్జి తెరిచిన రోజు గుర్తొచ్చింది. బోర్డు మీది గుడ్డ తీయగానే ఆడవాళ్లంతా సౌభాగ్యమ్మను చుట్టుముట్టి, ‘అత్తా, ఆ బోర్డు ఒకసారి పెద్దగా చదువు’ అని ఆటపట్టించారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ వంటవాళ్ల వైపు పారిపోయింది. ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. రేషన్ దుకాణంలోనైనా, ఆసుపత్రిలోనైనా ‘పవన్ వాళ్ల నాయన’ అనే చెబుతుంది. ఆ మొగుడు తన పేరు తీసుకెళ్లి లాడ్జికి పెట్టుకున్నాక, ఆ లాడ్జి పేరు కూడా ఆమె నోటికి దూరమైంది. ఇంట్లో దాన్ని ‘మేడ’ అనే అంటుంది.

మార్కాపురంలో వేలమంది ఆడవాళ్లున్నారు. ఆ బోర్డు పైకి చదవలేని నోరు మాత్రం ఒక్కటే.

ప్రియదర్శిని తల తిప్పలేదు. తిప్పితే మామ కూడా అటే చూస్తాడు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

“తల్లీ, మంచినీళ్లు ఉన్నాయా?” అంది సౌభాగ్యమ్మ. వచ్చాక ఆమె నోరు తెరవడం అదే మొదలు.

సీసా అందుకోబోయిన జ్యోతి చేయి గాల్లోనే ఆగింది. ఆ గొంతును ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మళ్లీ విని రాసింది ఆమే. గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చి వస్తూ ప్రియదర్శిని కళ్లలోకి చూసింది. ప్రియదర్శిని రెప్ప వాల్చింది. ఇద్దరికీ అర్థమైంది.

ఎంత భయం వేసిందో అంత ప్రేమా పుట్టుకొచ్చింది ప్రియదర్శినికి. ఇన్నేళ్లూ పండక్కి చీర పెట్టి, తల నిమిరి, మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్లిపోయే అత్త. ఆమేనా ఊరుకాని ఊరి పిల్లల కోసం ఇంత మాట చెప్పింది! అదీ మొగుడి బతుకుతెరువు మీద! మామను ఎదిరించడం ఇప్పటిదాకా పంతం. ఈ నిమిషం నుంచి అది కాదు. పేరు బయటపడితే ఆమెకు ఆ ఇంట్లో కూడు కూడా దక్కదు.

“మామా,” అంది. “కరుణా లాడ్జి అనే పేరు రాసింది ఎవరో తెలియాలి నీకు, అంతే కదా? నేనే. నా వేళ్లతో కొట్టినా. కేసు నా మీద పెట్టు.”

“పేరు నువ్వు రాసినావు. మాట ఎవరిది?”

“మాట కూడా నాదే అనుకో.”

“అబద్ధం చెప్పేటప్పుడు నీకు ముక్కు మీద చెమట పడతది. చిన్నప్పటి నుంచీ అంతే.” ఆయన దాదాపు నవ్వాడు. “కష్టపడబాక. చెప్పినోళ్లందరి నంబర్లు మీ కంప్యూటర్లో ఉంటాయని పవన్ చెప్పినాడు. నాకు ఇవ్వకపోతే రేపు పోలీసోళ్లకు ఇస్తావు.”

అది నిజమే. ఏడాది పొడుగునా ఇద్దరూ స్కూటీ మీద త్రిపురాంతకం, కంభం, గిద్దలూరు పల్లెలన్నీ తిరిగి, అరుగుల మీద కూర్చుని, ఒక్కో మనిషినీ నమ్మించి, పేర్లు రాసుకోకుండా తీసుకున్న నంబర్లవి. నంబరు ఉన్న మనిషి మాట పక్కన ‘మనూరి మనిషి’ అని పచ్చ గుర్తు పడుతుంది. ఆ గుర్తు చూసే పరాయి ఊరి పిల్లలు నమ్ముతారు. అది పోతే ‘తోవ’ మళ్లీ మొదటికి వస్తుంది. అలాగని ఒక్క పిన్నమ్మ నంబరే తీసేస్తే, వేలెత్తి చూపించినట్టే.

“జ్యోతీ,” అంది ప్రియదర్శిని. “నంబర్లు తీసెయ్.”

“ఏవి?”

“అన్నీ. దాచిపెట్టిన కాపీ కూడా.”

జ్యోతి ఒక్క క్షణం ఆమె వంక చూసింది. “మళ్లీ ఊరూరూ తిరగాల.”

“తిరుగుదాం. కాళ్లు ఎక్కడికి పోయినాయి?”

“మా నాయన దగ్గరికి మళ్లీ పోతే, ఆ మేకపాల టీ మళ్లీ తాగాల నువ్వు.”

“తాగుతా. కొట్టు.”

జ్యోతి కొట్టింది. నిజంగానే తీసేయమంటారా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. మనుషులు ఆమాత్రం కూడా అడగరు. మూడోసారి అడగలేదు. తెర మీద వరసగా వెలిగిన పచ్చ గుర్తులన్నీ ఒక్కసారిగా పోయాయి. ఏడాది కష్టం పోవడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ప్రియదర్శిని తల దించలేదు.

“ఇంక పోలీసోళ్లు వచ్చినా, దేవుడు వచ్చినా, నా దగ్గర ఏమీ లేదు మామా.”

కరుణాకరం విసురుగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. “ఎంత పొగరే నీకు! సర్దుకో. సామాన్లు సర్దుకో!”

“సర్దుకుంటా. ఈ గది పోతే బస్టాండు బెంచీ మీద కూర్చుని చేస్తా. అక్కడి నుంచీ తరిమితే చింతచెట్టు కిందో, మా చేలో గట్టు మీదో. కానీ ఆ మాట మాత్రం తియ్యను. నేను తీసేసిన తెల్లారి ఎవరి బిడ్డో ఆ గదిలో స్నానం చేస్తది. అప్పుడు ఆ స్టూలు నేను వేసినట్టే.”

“నా లాడ్జిలో స్టూలు వేసేటోడు ఎవడే? చూపించు! ఏదీ, పేరు చెప్పు!”

“నేను చెప్తా.”

సౌభాగ్యమ్మ పలకల కట్టల మీది నుంచి లేచింది. చీరకు నల్లటి పలకపొడి అంటింది. దులుపుకోలేదు.

“అత్తా, వద్దు,” అంది ప్రియదర్శిని.

“నువ్వు ఉండు తల్లీ. నా కోసం అంత కష్టం నీళ్లలో పోసుకున్నావు. ఇంక చాలు.” మొగుడి వైపు తిరిగింది. “ఏమయ్యా, ఆ పిన్నమ్మను నేనే.”

కరుణాకరం నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. “నువ్వా? నీకు ఫోను ఎత్తేదే రాదు.”

“నీ కోడలే నేర్పింది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలంది. నొక్కినా, మాట్లాడినా.” కొంగు నడుముకి దోపుకుంది. “దుప్పట్లు ఉతుక్కి తెచ్చేదానికి నేను మేడ మీదికి పోతా కదా. వెనక వరండాలో స్టూలు మీద నిలబడి ఉండాడు. ఏం చేస్తన్నావురా అంటే, బల్బు మారస్తన్నా అన్నాడు. బల్బు వరండాలో ఉంటే మొహం కిటికీ తట్టు ఎందుకురా అన్నా. నవ్వినాడు. ఇంకోసారి చూసినప్పుడు చెంప పగలగొట్టినా. ‘పోయి నాయనకు చెప్పుకో, నమ్ముతాడేమో చూస్తా’ అన్నాడు.”

“ఎవడు?” అన్నాడు కరుణాకరం. “ఎవడు సౌభాగ్యం?”

“నిన్ను నాయనా అని పిలిచేటోళ్లు మనకు ఎంతమంది ఉన్నారు? పవనే.”

కూర్చుందామని వెనక్కి తడుముకున్నాడు కరుణాకరం. కుర్చీ లేదు, తనే పడదోశాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ప్రియదర్శిని కళ్ల ముందు పవన్ మెదిలాడు. వరసకు బావ. చిన్నప్పుడు సైకిలు నేర్పించినవాడు. మొన్న కూడా ఇదే గదికి సమోసాలు తెచ్చి, ‘ఏం చేస్తన్నారు, ఎట్ల చేస్తన్నారు’ అని కుతూహలంగా అన్నీ అడిగి పోయినవాడు.

“వదినా!” అంది సరస్వతమ్మ గుండె మీద చెయ్యేసుకుని. “కన్నకొడుకు మీద అట్ల చెప్తారా ఎవరన్నా?”

“కన్నదాన్ని కాబట్టే చెప్తన్నా సరసా. పరాయోళ్లు వచ్చి చెప్పిందాకా ఆగమంటావా?”

కరుణాకరం వంగి కుర్చీ లేపి నిలబెట్టాడు. మాట్లాడినప్పుడు మళ్లీ ఆ మెత్తదనం వచ్చేసింది. “సరే. విన్నాం. ఈ మాట ఈ గది దాటకూడదు. ఆ కిటికీలకు రేపే ఇటుకలు పెట్టిస్తా. వాణ్ణి హైదరాబాదు పంపిస్తా. ఇంక ఏ పిల్లకూ భయం లేదు. నువ్వు ఆ రాసింది తీసెయ్ కోడలా. నువ్వు గెలిచినావు, పో. ఇంట్లో వాళ్లం ఇంట్లోనే కడుక్కుందాం.”

ఒప్పుకుందామని అనిపించింది ప్రియదర్శినికి. లేదంటే అబద్ధమే. తల్లి మొహం చూసింది, అత్త చీరకు అంటిన పొడి చూసింది. కిటికీ మూసేస్తే సరిపోతుంది కదా అని ఒక్క ఊపిరి సేపు అనుకుంది కూడా.

అప్పుడు జ్యోతి ఫోను మోగింది. ‘తోవ’లో ఎవరో కొత్త ప్రశ్న వేశారు. చదువుతున్న జ్యోతి మొహంలో రంగు మారింది. తెలుగులో చెబుతూ పైకి చదివింది.

“‘హలో చిన్నాయనలూ, పిన్నమ్మలూ! మేం ఇద్దరం అమ్మాయిలం, నాగపూర్ నుంచి. ఇప్పుడే మార్కాపురంలో దిగాం. ఫోన్లో చార్జింగ్ అయిపోయి (ఇప్పుడే ఎక్కుతోంది) ఏమీ చూసుకోలేదు, ఎదురుగా కనపడిన కరుణా లాడ్జిలో గది తీసుకున్నాం. వెనక వరండా పక్కన, చాలా ప్రశాంతంగా ఉంది. స్నానాలు చేసి బయటికి వస్తాం. ఇక్కడ ఏం తింటే బాగుంటుంది?’”

“ఎప్పుడు పెట్టినారు?” అంది ప్రియదర్శిని.

“ఇప్పుడే.”

“ఆగండి, నేను పవన్‌కి ఫోన్ చేస్తా,” అంటూ కరుణాకరం జేబులో చెయ్యి పెట్టాడు.

“చేసి ఏం చెప్తావు మామా? దాక్కోమంటావా?”

జ్యోతి చేతిలోంచి ప్రియదర్శిని ఫోను లాక్కుని, ‘తోవ’లోంచే ప్రశ్న అడిగిన అమ్మాయికి నేరుగా కలిపింది. అందరికీ వినపడేలా పెట్టింది. సరస్వతమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. “వద్దే, నీ కాళ్లు మొక్కుతా, మీ మామ చూసుకుంటాడు లేవే.” ప్రియదర్శిని చేయి విడిపించుకోలేదు, ఫోనూ దించలేదు. మోగింది. మళ్లీ మోగింది. ఎవరో ఎత్తారు.

“హలో, ఎవరూ?”

మగగొంతు. తెలుగు. ఆ గదిలో ఆ గొంతు ఎరగనివాళ్లు ఎవరూ లేరు. సరస్వతమ్మ పట్టు వదులైపోయింది.

“వాళ్లు గదికి పోయినారండీ,” అంటున్నాడు పవన్ మర్యాదగా. “గదిలో ప్లగ్గు లేదని ఫోను నా దగ్గర కౌంటర్లో చార్జింగ్‌కి పెట్టిపోయినారు. స్నానం చేసి వస్తామన్నారు. ఏమన్నా చెప్పాలా? నేను కూడా పైకే పోతన్నా.”

సౌభాగ్యమ్మ వచ్చి ప్రియదర్శిని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“పవన్.”

అటు నుంచి చిన్నగా, “అమ్మా?”

“కుర్చీలోంచి లేవబాక. వరండా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టు. నేను వస్తన్నా. మీ నాయన కూడా ఇక్కడే నిలబడి వింటన్నాడు.”

ఫోను కట్ కాలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద అడుగులు. ఆ లాడ్జి కౌంటరు మొదటి అంతస్తులో ఉంటుంది. పైకి పోతున్నాడో, కిందికి దిగి పారిపోతున్నాడో తెలియలేదు.

ప్రియదర్శిని స్కూటీ తాళంచెవి అందుకుని గుమ్మం వైపు కదిలింది. అప్పటికే కరుణాకరం వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“ఆగు కోడలా. నా ఇంటి సంగతి నేను చూసుకుంటా.”

“ఆ గదిలో ఉండేటోళ్లు నీ ఇంటోళ్లు కాదు మామా. తప్పుకో.”

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ ఆయనతో ఆ మాట అనలేదు. ఆయన కదల్లేదు. సౌభాగ్యమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఆమె పక్కకు జ్యోతి వచ్చింది. సరస్వతమ్మ అన్నను చూసింది, కూతుర్ని చూసింది, కుర్చీలోంచి లేచింది. ఎటు నడవాలో తోచక నడిమధ్యలో ఆగిపోయింది.

అప్పుడే, సౌభాగ్యమ్మ చేతిలోని ఫోన్లో, దూరంగా ఎవరో తలుపు కొడుతున్న చప్పుడు వినిపించింది.